ఆఫీసు కంప్యూటర్లో మెసేజీలు ఏంటికి ఆగిపోయినాయి?



ఈసారి రాసింది కొంచెం పొడుగు. తీరుబడిగా చదవండి.

పోయిన నెల విద్యా సహాయం మెసేజీలు కొందరికి పోయినాయి, కొందరికి పోలేదు, ఇంకొందరికి రెండేసి సార్లు పోయినాయి. దాన్ని గురించి మన గ్రూపులో వారం రోజులు మాటలు నడిచినాయి. చిన్నపిల్ల చేతికి పని ఇస్తే ఇంతే అని ఒకరు రాసినారు. విండోస్ కంప్యూటర్ తీసిపారేయండి అని ఇంకొకరు. కంపెనీకి ఇచ్చేస్తే తలనొప్పి ఉండదు అని నలుగురైదుగురు. వచ్చే కమిటీ మీటింగులో ఒక కంపెనీ కొటేషన్ పెట్టబోతున్నారని కూడా తెలిసింది. పెట్టండి, తప్పు లేదు. కానీ చెయ్యి ఎత్తే ముందు ఆ మూడు సాయంత్రాలు ఆఫీసులో ఏం జరిగిందో తెలుసుకుని ఎత్తండి. నేను ఆ మూడు రోజులూ ఆ పాప పక్కనే కుర్చీ వేసుకుని కూర్చున్నాను. తర్వాత రెండు వారాలు మా ఇంట్లో కూర్చుని ఒక్కొక్క లైనూ ఇద్దరం చూసినాం.

కొత్త సభ్యుల కోసం నా సంగతి ఒక మాట. రైల్వేలో 37 ఏళ్లు గుమాస్తా పని, అందులో ఎక్కువ కాలం రిజర్వేషన్ కౌంటర్లో. చదివింది తమిళ మీడియం. తెలుగు ఇంట్లో మాట. అక్షరాలు మాత్రం రిటైరైనాక మన సంఘం తెలుగు క్లాసులో మూడో తరగతి పిల్లకాయల పక్కన కూర్చుని నేర్చుకున్నాను. పైథాన్ కూడా ఆ తర్వాతే. మా చెల్లెలి మనవరాలు ఇంజనీరింగ్‌లో చేరినప్పుడు 'తాతా, నువ్వూ నేర్చుకో, నాకు రివిజన్ అవుతుంది' అని మొదలుపెట్టింది. ఈ ప్రోగ్రాం రాసింది ఆ పాపే. మీ అందరికీ తెలిసిన మనిషే కాబట్టి పేరు రాయడం లేదు.

విషయానికి వస్తాను. దీనంతటికీ మూలం ఈవెంట్ లూప్ అనే ఒక వస్తువు. అది తెలియకుండా ఈ గొడవ అర్థం కాదు.

కౌంటర్లో గుమాస్తా ఒకడే అనుకోండి. క్యూలో ముందున్నాయన ఫారం ఇచ్చినాడు, వయసు రాయలేదు. తెలిసిన గుమాస్తా ఏం చేస్తాడు? 'పక్కన నిలబడి రాసి ఇవ్వండి' అని చెప్పి వెనకాయన్ని పిలుస్తాడు. మొదటాయన వయసు రాసుకుని వస్తే మళ్లీ క్యూ చివరికి తరమడు. చేతిలో ఉన్న టికెట్ అయిపోగానే, ఆయన పని ఎక్కడ ఆగిందో అక్కడినుంచే అందుకుంటాడు. మనిషి ఒకడే, చేతులు రెండే, కానీ చేతులు కట్టుకుని కూర్చున్న నిమిషం ఉండదు. ఈవెంట్ లూప్ అంటే ఆ గుమాస్తా. ఎవరి పని సిద్ధంగా ఉందో చూసి దాన్ని కొంచెం నడిపి, అది ఆగగానే ఇంకొకదాన్ని అందుకుంటూ తిరుగుతూనే ఉంటాడు. ప్రోగ్రాంలో 'పక్కన నిలబడు' అనే చోట అవెయిట్ అని రాస్తారు. మన ఇళ్లల్లో 'కాచుకోనుండు' అంటాం చూడండి, అదే. ఆంధ్రలో పుస్తకాలు 'వేచి ఉండు' అంటాయి. నాకు మన మాటే బాగుంది. కాచుకోవడంలో ఊరికే నిలబడడం లేదు, కన్ను వేసి ఉంచడం కూడా ఉంది.

దీనివల్ల పని వేగంగా జరగదు, అది గుర్తుపెట్టుకోండి. కాచుకునే కాలం వృథా కాదు, అంతే. మన సంఘంలో 640 కుటుంబాలు. ఒక్కో మెసేజీ పంపి, పోయిందని జవాబు వచ్చేదానికి ఒకటి రెండు సెకన్లు. ఒకటి అయినాక ఒకటి పంపితే పది నుంచి ఇరవై నిమిషాలు. ఆ కాలంలో దాదాపు అంతా ఊరికే కాచుకోవడమే. అన్నీ కలిపి కాచుకుంటే ఒక నిమిషంలో ముగుస్తుంది. పాప ఈ దారి ఎంచుకున్నది అందుకే. ఒక్కటే నిబంధన, గుమాస్తా కౌంటర్లో కునుకు తీయకూడదు. ఒక పని లూప్‌ను వదలకుండా పట్టుకుని కూర్చుంటే వెనక ఉన్న 639 మంది పనీ ఆగిపోతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. పక్కన నిలబడ్డాయన ఫారం నింపేసినాడని గుమాస్తాకు ఎట్లా తెలుస్తుంది? అది లూప్ సొంతంగా కనుక్కోలేదు. ఆపరేటింగ్ సిస్టం చెప్పాలి. విండోస్ చెప్పే తీరు వేరు, లినక్స్, మ్యాక్ చెప్పే తీరు వేరు. మన మూడు సాయంత్రాల కథ మొత్తం ఈ ఒక్క తేడాలో ఉంది.

రైల్వే మనిషిని కాబట్టి రైల్వేలోనే చెప్తాను. మీకు బండిలో ఒక పెట్టె వస్తోంది. ఒక స్టేషన్లో పోర్టరు వచ్చి 'బండి వచ్చింది, మీ పెట్టె దించుకోవచ్చు' అంటాడు. దించుకోవడం మీ పని. ఇంకో స్టేషన్లో మీరు ముందుగానే పోర్టరుకు చీటీ, తోపుడుబండి ఇచ్చేసి వేరే పని చూసుకుంటారు. ఆయన వచ్చి 'పెట్టె దించి మీ బండిలో పెట్టేసినాను, తీసుకోండి' అంటాడు. మొదటి చోట వచ్చే కబురు 'సిద్ధం'. రెండో చోట వచ్చే కబురు 'అయిపోయింది'. రెంటిలోనూ పెట్టె ఇంటికి చేరుతుంది. కానీ రెండో చోట తోపుడుబండి ముందే ఆయన చేతిలో పెట్టాలి, పని అయ్యేదాకా దాన్ని మీరు తాకకూడదు. మొదటి స్టేషన్‌కు అలవాటైన మనిషి రెండో స్టేషన్‌కు పోయి 'బండి వచ్చిందని చెప్పు, నేనే దించుకుంటాను' అంటే అక్కడి పోర్టరు తెల్లమొహం వేస్తాడు. ఆయన దగ్గర ఆ ఏర్పాటే లేదు.

లినక్స్, మ్యాక్ మొదటి రకం. వాటి పెద్ద తాత యూనిక్స్. 1983లో బర్క్లీ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో సెలెక్ట్ అనే ఏర్పాటు పెట్టినారు. కాచుకున్న వాళ్ల పట్టిక మొత్తం చేతికిచ్చి 'వీళ్లలో ఎవరు సిద్ధం?' అని అడగాలి. మళ్లీ అడగాలంటే మళ్లీ మొత్తం పట్టిక ఇవ్వాలి. పదిమందికి సరే, పదివేల మందికి ఎట్లా? అందుకని 2000లో ఫ్రీబీఎస్‌డీలో కేక్యూ, 2002లో లినక్స్‌లో ఈపోల్ వచ్చినాయి. వీటికి పట్టిక ఒకసారి ఇస్తే చాలు, సిద్ధమైన వాళ్ల పేర్లు మాత్రమే చెప్తాయి. మ్యాక్ వాడేది ఆ కేక్యూనే.

విండోస్ రెండో రకం. దీని పుట్టుక చదివినప్పుడు నాకు కుర్చీలో కూర్చోబుద్ధి కాలేదు. మేము రిజర్వేషన్ టెర్మినల్ ముందు కూర్చుని పేరు, వయసు కొడుతున్న కాలంలో, ఆ తీగెకు ఆ చివర ఉండేది వాక్స్ అనే కంప్యూటర్, దాన్ని నడిపేది వీఎంఎస్ అనే ఆపరేటింగ్ సిస్టం. వీఎంఎస్‌లో పని అప్పగించి పోవడం, అయినాక కబురు అందుకోవడం మొదటినుంచీ ఉన్న పద్ధతి. ఆ వీఎంఎస్ కట్టినవాళ్లలో ముఖ్యుడు డేవ్ కట్లర్. ఆయన 1988లో మైక్రోసాఫ్ట్‌కు పోయి విండోస్ ఎన్‌టీ కట్టినాడు. అది 1993లో బయటికి వచ్చింది. మరుసటి ఏడు వచ్చిన ఎన్‌టీ 3.5లో ఈ 'అయిపోయింది' కబుర్లన్నీ ఒకచోట అందుకునే ఏర్పాటు పెట్టినారు, దాని పేరు ఐఓసీపీ. అంటే మన ఆఫీసు మూలలో దుమ్ము పట్టి ఉన్న విండోస్ కంప్యూటర్ కాచుకునే తీరుకూ, నా సర్వీసులో నేను టికెట్లు కొట్టిన మెషిన్ తీరుకూ చుట్టరికం ఉంది. విండోస్ తీసిపారేయండి అన్నాయనకు ఇది చెప్పాలని ఉండింది, చెప్పేసినాను. విండోస్ తీరు చెడ్డది కాదు, వేరేది. లినక్స్‌లో కూడా 2019లో ఐఓ_యూరింగ్ అని 'అయిపోయింది' రకం ఏర్పాటు పెట్టుకున్నారు.

ఈ రెండు తీర్ల మధ్య పైథాన్ ఒక వంతెన కట్టింది. పైథాన్ పుట్టించిన గైడో వాన్ రాసమ్ 2012లో దానికి ప్రణాళిక రాసినాడు, 2014లో పైథాన్ 3.4తో పాటు అసింక్ఐఓ అనే పేరుతో వచ్చింది. దాంట్లో రెండు రకాల లూపులు. 'సిద్ధం' రకానికి సెలెక్టర్ లూప్, 'అయిపోయింది' రకానికి ప్రోయాక్టర్ లూప్. లినక్స్, మ్యాక్‌లలో ఉండేది సెలెక్టరే, లోపల ఈపోల్, కేక్యూ వాడుకుంటుంది. విండోస్‌లో రెండూ ఉన్నాయి. 2019లో పైథాన్ 3.8 వచ్చేదాకా విండోస్‌లో కూడా మనం అడగకపోతే సెలెక్టరే వచ్చేది. 3.8 నుంచి ప్రోయాక్టర్ వస్తోంది. వంతెన బాగానే ఉంది, మామూలు పనులకు ఈ తేడా కనబడదు. కనబడే చోట్లు మూడు నాలుగు ఉన్నాయి. మన పాప ప్రోగ్రాం వాటన్నిటి మీదా కాలు పెట్టింది.

పాప లాప్‌టాప్‌లో ఉబుంటు లినక్స్. అక్కడ 640 పేర్లతో ఉత్తుత్తి మెసేజీలు పంపి చూసింది, ఒక్కటీ తప్పలేదు. ఆఫీసులో విండోస్. అకౌంట్లకు ట్యాలీ ఉంది కాబట్టి అది విండోస్‌గానే ఉండాలి.

మొదటి సాయంత్రం. ప్రోగ్రాం మొదలుపెట్టగానే సభ్యుల పట్టిక ఉన్న పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ దగ్గరే ఆగింది. పోస్ట్‌గ్రెస్‌తో మాట్లాడే సైకోపీజీ అనే లైబ్రరీ, ప్రోయాక్టర్ లూప్‌లో నేను నడవను అని స్పష్టంగా చెప్పింది. ఏంటికంటే అది మొదటి స్టేషన్ మనిషి. 'కనెక్షన్ సిద్ధమైతే చెప్పు, చదువుకోవడం నేను చూసుకుంటాను' అంటుంది. ప్రోయాక్టర్‌లో ఆ మాట వినేవాళ్లు లేరు. పాప ఐదు నిమిషాల్లో విండోస్‌లో సెలెక్టర్ లూప్ పెట్టింది. పట్టిక వచ్చేసింది. అందరం ఇంటికి పోయినాం.

రెండో సాయంత్రం. మెసేజీతో పాటు ఒక్కో విద్యార్థికీ ఉత్తరం పీడీఎఫ్‌గా తయారు కావాలి. దానికి ప్రోగ్రాం వెనకనుంచి లిబ్రె ఆఫీస్‌ను పిలుస్తుంది. ఇంకో ప్రోగ్రాంను పిలిచి అది ముగిసేదాకా కాచుకోవడం లినక్స్‌లో సెలెక్టర్ లూప్ చేస్తుంది. విండోస్‌లో సెలెక్టర్ లూప్ చేయదు. అక్కడ దానికి నెట్‌వర్క్ కనెక్షన్ల మీద కాచుకోవడం ఒక్కటే తెలుసు. ప్రోయాక్టర్ అయితే చేస్తుంది. చూడండి ఇరకాటం, డేటాబేస్‌కు సెలెక్టర్ కావాలి, ఉత్తరాలకు ప్రోయాక్టర్ కావాలి, కౌంటర్లో గుమాస్తా ఒక్కడే. పైగా వచ్చిన ఎర్రర్ కింద ఒక్క మాట వివరం లేదు, నాట్ ఇంప్లిమెంటెడ్ అని పేరు మాత్రమే. మన కార్యదర్శి గారు వెనక నిలబడి గడియారం చూస్తున్నారు. పాప ఆ రోజుకు ఉత్తరాల భాగం ఆపేసి, వాటిని తన లాప్‌టాప్‌లో తయారుచేసి పెన్‌డ్రైవ్‌లో తెచ్చింది.

మూడో సాయంత్రం అసలు పని, మెసేజీలు పంపడం. కమిటీ వాళ్లు ఆరుగురు ఉన్నారు, బజ్జీలు కూడా తెప్పించినారు. బటన్ నొక్కినారు. కాసేపు పోతున్నట్టే ఉండింది. తర్వాత మొత్తం ప్రోగ్రాం పడిపోయింది. సెలెక్ట్‌లో పట్టనంత మంది ఉన్నారు అని ఎర్రర్.

సంగతి ఇది. విండోస్‌లో సెలెక్టర్ లూప్‌కు ఈపోల్ లేదు, కేక్యూ లేదు. ఆ 1983 నాటి పాత సెలెక్ట్ పద్ధతే గతి. విండోస్‌లో దాని పట్టికకు మామూలు కొలత 64 పేర్లు. పైథాన్ వాళ్లు దాన్ని 512కు పెంచి ఇచ్చినారు. మన వాళ్లు 640. పాప ప్రోగ్రాం అందరికీ ఒకేసారి కనెక్షన్లు తెరవబోయింది. ముందు తెరిచిన కొన్ని మెసేజీలు పోయినాయి, కనెక్షన్ల లెక్క 512 దాటగానే లూపే కూలింది. లూప్ కూలితే మధ్యలో ఉన్న అందరి పనీ కూలినట్టే. ఎవరికి పోయింది, ఎవరికి పోలేదు అని చెప్పేదానికి ఎవరూ మిగలలేదు. అప్పుడు మన వాళ్లలో ఒకరు 'మళ్లీ నొక్కమ్మా' అన్నారు. మళ్లీ నొక్కినారు. మళ్లీ కొందరికి పోయినాయి, వాళ్లలో కొందరికి రెండోసారి. గ్రూపులో ఎగతాళి మొదలైంది ఆ రాత్రే.

గడువు దాటిన మరుసటి రోజు ఒక తల్లి సర్టిఫికెట్ల కవరు పట్టుకుని ఆఫీసుకు వచ్చింది. మెసేజీ రాలేదు, పక్కింటావిడ చెప్తే తెలిసింది అన్నది. రెండు బస్సులు మారి వచ్చింది. కాగితాలు తీసుకున్నారు, అది మన కమిటీ మంచితనం. కానీ పక్కింటావిడ లేనివాళ్లు ఎంతమంది అని ఆ పూట ఎవరూ లెక్క వేయలేదు. నాకు కోపం వచ్చింది దానికే. ఎగతాళికి తీరిక ఉండింది, 640 పేర్లు పట్టుకుని ఫోన్ చేసేదానికి తీరిక లేదు. చివరికి పాప, నేను, మా ఇంటావిడ కూర్చుని రెండు రోజులు ఫోన్లు చేసినాం.

ఇప్పుడు ప్రోగ్రాం ఎట్లా ఉందో చెప్తాను. పైథాన్ తెలిసిన పిల్లకాయలు ఈ భాగం జాగ్రత్తగా చదవండి, మీకు ఉద్యోగంలో పనికొస్తుంది.

లూప్ ఏది అనే నిర్ణయం ప్రోగ్రాంలో ఒకే చోట, మొదలయ్యే చోట మాత్రమే ఉండాలి. ముందు 'విండోస్ అయితే ఇట్లా చెయ్యి' అనే లైన్లు ఏడు చోట్ల ఉండేవి. ఏడూ తీసేసినాం. పైథాన్ 3.12 నుంచి అసింక్ఐఓ రన్ అని పిలిచేటప్పుడే లూప్ ఫ్యాక్టరీ అనే పేరుతో ఏ లూప్ కావాలో చెప్పవచ్చు. అక్కడ సెలెక్టర్ లూప్ అని ఒకసారి రాసినాం. లినక్స్‌లో అది ఎట్లాగూ సెలెక్టరే, విండోస్‌లో మన కోసం సెలెక్టర్ అవుతుంది, ఒకే లైను రెండు చోట్లా సరిపోతుంది. ఇంటర్నెట్‌లో వెతికితే ఈవెంట్ లూప్ పాలసీ మార్చండి అని పాత సలహా ఎక్కువ కనబడుతుంది. మొదటి సాయంత్రం పాప పెట్టింది కూడా అదే. ఆ పద్ధతిని పైథాన్ 3.14లో పక్కన పెట్టినారు, 3.16లో తీసేస్తామని ప్రకటించినారు. కొత్తగా రాసేవాళ్లు దాని జోలికి పోవద్దు.

ఉత్తరాల పనిని లూప్ నుంచి బయటికి తీసినాం. లిబ్రె ఆఫీస్‌ను మామూలుగా పిలిచే పనిని ఒక థ్రెడ్‌కు అప్పగించినాం, అసింక్ఐఓలోనే దానికి టు థ్రెడ్ అని ఒక పిలుపు ఉంది. కౌంటర్ గుమాస్తా తను చేయలేని పనిని వెనక గదిలో ఉన్న ఇంకొకాయనకు పంపినట్టు. ఏ లూప్ అయినా, ఏ ఆపరేటింగ్ సిస్టం అయినా ఇది నడుస్తుంది. ఫైళ్లు చదవడం, రాయడం కూడా ఆ గదికే. లినక్స్‌లో సైతం మామూలు ఫైలు మీద ఈపోల్ కాచుకోదు, అది చాలామందికి తెలియదు. యూవీలూప్ అని వేగంగా నడిచే లూప్ ఒకటి పాప లాప్‌టాప్‌లో ఉండేది. విండోస్‌కు అది లేనే లేదు. 640 మందికి ఆ వేగం ఏంటికి? తీసేసినాం.

మెసేజీలు ఒకేసారి 20కి మించి పోకుండా సెమాఫోర్ పెట్టినాం. ఈ మాట రైల్వే వాళ్లకు చెప్పనక్కరలేదు, ఎర్ర చెయ్యి, పచ్చ చెయ్యి. 20 మంది లోపలికి పోతారు, ఒకరు బయటికి వస్తే ఇంకొకరు పోతారు. మొత్తం పని నిమిషం లోపే ముగుస్తోంది. 512 మాట దేవుడెరుగు, ఇది విండోస్ ఒక్కదాని కోసం పెట్టింది కాదు. మ్యాక్‌లో ఒక ప్రోగ్రాం తెరిచి ఉంచగలిగే వాటికి మామూలు హద్దు 256, అక్కడ నడిపి ఉంటే ఇంకా ముందే ఆగేది. లినక్స్‌లో ఆ హద్దు సాధారణంగా 1024 కాబట్టి 640 దాటిపోయినాయి. మనం 1100 కుటుంబాలం అయిన రోజున పాప లాప్‌టాప్ కూడా అట్లే కూలి ఉండేది. అవతలి మెసేజ్ కంపెనీ తలుపు మీద 640 మంది ఒకేసారి తట్టడం మర్యాద కూడా కాదు.

ఇంకొకటి, ఆపడం. లినక్స్‌లో ఆగమని సిగ్నల్ వస్తే చేతిలో పని ముగించుకుని ఆగేట్టు లూప్‌కు చెప్పవచ్చు. విండోస్‌లో లూప్‌కు ఆ ఏర్పాటు లేదు. మన ఆఫీసులో ఆపడం అంటే కిటికీ మూసేయడం, లేకపోతే కరెంటు పోవడం. దానికి లూప్‌ను నమ్ముకోకుండా, ఒక్కో పేరు దగ్గరా పంపే ముందు 'పంపుతున్నాం' అని, జవాబు వచ్చినాక 'పోయింది' అని డేటాబేస్‌లో రాస్తున్నాం. టీటీఈ చార్టులో గీత పెట్టుకుంటూ పోయినట్టు. మళ్లీ నొక్కితే గీత లేని పేర్ల నుంచే మొదలవుతుంది.

కంపెనీ సంగతి. మన కోశాధికారి అన్నయ్య నాతో విడిగా ఒక మాట అన్నారు. 'బావా, ఈ పాప రెండేళ్లలో ఉద్యోగమని బెంగళూరో, అమెరికానో పోతుంది. అప్పుడు ఎవరు చూస్తారు?' ఇది న్యాయమైన మాట. ఎగతాళి చేసిన వాళ్ల మాటలన్నిటికన్నా దీనికి బరువు ఉంది. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నేను చేసింది ఒకటి, ప్రోగ్రాం ఎట్లా నడుస్తుంది, పైథాన్ కొత్త వెర్షన్ పెట్టే ముందు ఏం చూడాలి అనేది తమిళంలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి రాసి ఆఫీసు బీరువాలో పెట్టినాను. మన కాలేజీ పిల్లకాయల్లో ఇద్దరు నేర్చుకుంటామన్నారు. ముగ్గురికి తెలిస్తే ఒకరు పోయినా నడుస్తుంది. కంపెనీకి ఇచ్చినా అక్కడ మనుషులు మారుతూనే ఉంటారు కదా.

ఇంకొకటి కూడా చూడండి. మన మీటింగులకు వచ్చేవాళ్లలో నలభై లోపు వయసు వాళ్లు ఎంతమంది? పెళ్లి సంబంధాల పేజీ చూసేదానికి తప్ప సంఘం గడప తొక్కని పిల్లకాయలే ఎక్కువ. ఒక పాప తన చేతి పనితో వచ్చింది. ఆ మూడో సాయంత్రం తర్వాత ఆమె ఆఫీసుకు రావడం మానేసింది. మరమ్మతు మొత్తం మా ఇంట్లో కూర్చుని చేసింది. 'నువ్వే పోయి పెట్టుకో తాతా' అంటోంది. ఆమె ప్రోగ్రాం ఆమె కూర్చున్న కంప్యూటర్లో సరిగ్గా నడిచింది. మన కంప్యూటర్ వేరే తీరుగా కాచుకుంటుందని ఆమెకు ముందు ఎవరు చెప్పినారు? ఆఫీసులో ఒకరోజు ముందు పదిమందితో నడిపి చూసే అవకాశం అడిగింది, తాళం చెవి ఉన్నాయన ఊళ్లో లేడన్నారు. ఇది మీటింగులో ఎవరూ చెప్పలేదు కాబట్టి నేను చెప్తున్నాను.

ఆదివారం ఉదయం 10 గంటలకు ఆఫీసులో నడిపి చూపిస్తాను. పాపను రమ్మని అడిగే బాధ్యత కార్యదర్శి గారిది, నేను అడిగితే రాదు. కమిటీ వాళ్ల ఫోన్లకే 60 మెసేజీలు పంపుతాం, మధ్యలో కోశాధికారి అన్నయ్య చేతనే స్విచ్ తీయిస్తాం, మళ్లీ వేసి మిగిలినవి పంపుతాం. స్విచ్ తీసిన క్షణాన 'పంపుతున్నాం' అని రాసి 'పోయింది' అని రాయని పేర్లు కొన్ని మిగులుతాయి, 20కి మించవు. వాటికి మెసేజీ చేరిందో లేదో ఏ లూప్ చెప్పలేదు, కాబట్టి ప్రోగ్రాం వాటిని తనంతట తాను మళ్లీ పంపదు, వేరే కాగితం మీద అచ్చు వేస్తుంది. ఆ పేర్లకు మనిషే ఫోన్ చేసి కనుక్కోవాలి. వచ్చే విడత సహాయానికి ఆ పనికి ఇద్దరు కావాలి. మా ఇంటావిడ ఈసారి రానన్నది. చేసేవాళ్లు కింద పేరు, ఏ పూట వీలవుతుందో రాయండి.